ముందే నింపిన గడులు

పసిపిల్లల గదిలో ఆమెను అందరూ పెద్దమ్మ అనేవారు. ఏడాది నిండని పసికందులకు పిలవడం ఎలాగూ రాదు కాబట్టి ఆ పిలుపు పిల్లలది కాదు, వాళ్ళ తల్లులది. మొదటి రోజు బిడ్డను అప్పగించి, గుమ్మం దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకునే తల్లికి ఆమె ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది: "మీ అక్కింట్లో వదిలి వెళ్తున్నాననుకో తల్లీ. వెళ్ళు, బస్సు పోతుంది." అక్క అన్నాక బిడ్డకు పెద్దమ్మే కదా. అలా ఆ పేరు ఖాయమైపోయింది.

నేను ఆమెకు బంధువును కాను, స్నేహితురాలిని అంతకంటే కాను. పసిపిల్లల కేంద్రాలు చట్టప్రకారం నడుస్తున్నాయో లేదో చూసే ఇన్‌స్పెక్టర్‌ని. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ ఉద్యోగం చేశాను. నా చెప్పుల చప్పుడు వింటేనే కేంద్రాల వాళ్ళకు హడలు. అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. పెద్దమ్మ గురించి పత్రికల్లో వచ్చిన నాలుగు ముక్కలు అబద్ధం కాదు. కానీ అవి నాలుగు ముక్కలే. మిగతాది నాకు తెలుసు కాబట్టి, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నాను కాబట్టి, రాస్తున్నాను.

ఆమె ఇరవై మూడో ఏట ఆ కేంద్రంలో సీసాలు కడిగే పనికి చేరింది. వంటగది వెనక సింకు దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాలసీసాలు, పీకలు, మూతలు. వేడినీళ్ళకు వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడుచుకుపోయి ఉండేవట. పక్కగదిలో ఏడుపు వినిపిస్తే తడిచేతులతోనే పరుగెత్తేది. అది ఆకలి ఏడుపో, నిద్ర ఏడుపో, చెవిపోటు ఏడుపో గోడ అవతల నుంచే చెప్పగలిగేది. ఇది చూసి అప్పటి టీచరు ఒకామె, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోమని పోరుపెట్టింది. పెద్దమ్మ రెండుసార్లు తప్పింది. పిల్లల ఎదుగుదల మీద పది మార్కుల ప్రశ్న వస్తే, తన చేతుల్లో పెరిగిన ఒక పిల్లాడి గురించి నాలుగు పేజీలు రాసి వచ్చిందట. మూడోసారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బట్టీపట్టి గట్టెక్కింది. "పిల్లల్ని మర్చిపోతే గానీ పాసవ్వలేదు మేడమ్" అని నాతో ఓసారి నవ్వుతూ అంది.

ఆ గది నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. గోడవారగా ఎనిమిది ఊచల మంచాలు. కిటికీ పక్కన బట్టలు మార్చే ఎత్తు బల్ల. మూలన పాలు వెచ్చబెట్టే చిన్న యంత్రం, దాని మీద ఎప్పుడూ వెలుగుతుండే ఎర్ర దీపం. తలుపు వెనక కొక్కేనికి అట్ట, ఆ అట్టకు నిద్ర పట్టిక, దారంతో కట్టిన పెన్ను. ఆ ఎత్తు బల్లకు ఆనుకున్న గోడ మీద మా కార్యాలయం వేయించిన మార్గదర్శక సూత్రాలు, ప్లాస్టిక్ తొడుగులో. మొదటి వాక్యం: అన్నిటికంటే బిడ్డ క్షేమం ముందు. బట్టలు మార్చేటప్పుడు కాళ్ళాడించే పిల్లలు దాన్ని తన్నీ తన్నీ కింది మూల చిరిగిపోయింది.

పిల్లలకు ఆమె పేర్లు పెట్టేది. ఎవరొచ్చినా కళ్ళు చిట్లించి చూసేవాడు జడ్జిగారు. ఒకటిన్నరకు టంచనుగా లేచి గదినంతా లేపే పిల్ల అలారం. ఐదు నెలలకే ఎత్తుకున్నవాళ్ళ నడుము విరిచేంత బరువుండే పిల్లాడు వస్తాదు. ఈ కథ వాడిది కూడా.

నిద్ర పట్టిక గురించి చెప్పాలి. నిబంధన ఇది: నిద్రపోతున్న ప్రతి పసిబిడ్డ దగ్గరికి పది నిమిషాలకోసారి వెళ్ళాలి, ముఖం రంగు చూడాలి, రొమ్ము ఆడుతోందో లేదో చూడాలి, చూసిన వెంటనే ఆ సమయం గడిలో పొట్టి సంతకం చేయాలి. మంచి నిబంధన. ఇప్పటికీ అదే అంటాను. దాని పక్కనే ఇంకో నిబంధన ఉంది: నలుగురు పసిపిల్లలకు ఒక మనిషి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. ఆ గదిలో ఎనిమిది మంది పిల్లలు. కాగితం మీద ఇద్దరు మనుషులు: ఒకరు పెద్దమ్మ, రెండోవారు కేంద్రం యజమానురాలు. ఆవిడ ఆ గదిలోకి వచ్చేది తల్లిదండ్రులకు కేంద్రాన్ని చూపించడానికే. ఒక సహాయకురాలు ఉండేది గానీ ఆమెను ముందు హాలుకు, ఫోను దగ్గరకు, ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపేవారు. ఇదంతా నాకు తెలియదా అంటే, తెలుసు. కాగితం మీద ఇద్దరున్నారు, సంతకాలు ఉన్నాయి, నేను కూడా సంతకం పెట్టాను.

వస్తాదుకు జరిగిన ఘోరానికి ఏడేళ్ళ ముందు సంగతి ఒకటి. ఒక మధ్యాహ్నం ఒక పాపకు పాలు గొంతులో అడ్డుపడ్డాయి. పెద్దమ్మ ఆ పాపను ముంజేతి మీద బోర్లా వేసుకుని, వీపు మీద అరచేత్తో చరిచి చరిచి ఊపిరి తెప్పించింది. అరగంట పట్టింది పాప తేరుకోవడానికి. సరిగ్గా అప్పుడే నేను తనిఖీకి వెళ్ళాను. ఆమె పాపను ఇంకా భుజం మీంచి దించలేదు. "పోయిందనుకున్నాను మేడమ్, నీలంగా అయిపోయింది" అంది. నేను మెచ్చుకున్నాను. భుజం తట్టాను కూడా. తర్వాత పట్టిక తీసి చూస్తే ఆ అరగంటకు మిగతా పిల్లల వరసల్లో గడులు ఖాళీగా ఉన్నాయి. ఎర్ర సిరాతో రిమార్కు రాశాను.

ఆమె నా పెన్ను వంకే చూస్తూ నిలబడింది. "అప్పుడు నా చేతుల్లో ఆ పాప ఉంది కదా మేడమ్" అంది.

"నాకు తెలుసమ్మా. కానీ గడి ఖాళీగా ఉంటే చూడలేదనే అర్థం. నేనేం చేయను?" అన్నాను.

నేనేం చేయను! ఎంత సులువుగా వచ్చింది ఆ మాట నా నోటికి. యజమానురాలు ఆ రిమార్కు నకలు తీసి సిబ్బంది టీ తాగే చోట గోడకు మూడు నెలలు అంటించి ఉంచింది. ఒక ప్రాణం నిలబెట్టిన మనిషి రోజూ దాని కింద కూర్చుని టీ తాగింది. ఆ తర్వాత ఆ గదిలో నాకు ఖాళీ గడి అన్నది కనబడలేదు.

కనబడకపోవడానికి కారణం కూడా నాకు తెలిసింది, రెండేళ్ళ తర్వాత. ఒక రోజు ఒంటిగంటా పది నిమిషాలకు వెళ్ళాను. పిల్లలు అప్పుడప్పుడే నిద్రలోకి జారుకుంటున్నారు. పట్టిక చూస్తే మూడు గంటల దాకా, ఎనిమిది వరసలూ, సంతకాలతో నిండి ఉన్నాయి. ఒకే సిరా, ఒకే వాటం, ఒకే విడతలో పెట్టిన సంతకాలు. ఒక పిల్లాడిని భుజాన వేసుకుని జోకొడుతున్న పెద్దమ్మ కదలకుండా నిలబడిపోయింది. నేను చేతి గడియారం చూసుకున్నాను. ఆ రోజు ఇంకా మూడు కేంద్రాలు ఉన్నాయి. ముందే నింపిన పట్టిక దొరికితే ప్రత్యేక నివేదిక, నోటీసు, విచారణకు హాజరు, నానా తంటాలు. పేజీ తిప్పేశాను. "పట్టికలు సక్రమంగా ఉన్నాయి" అని రాసి బయటపడ్డాను.

ఇక ఆ రోజు సంగతి. ఆమె విచారణలో చెప్పిందే నేనిక్కడ చెబుతున్నాను.

పొద్దున వస్తాదును తీసుకొచ్చిన తల్లి ముఖం వెలిగిపోతోంది. ఆమె తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే పనిలో ఉంది, సెలవు ముగిసి చేరి మూడు వారాలే. "పెద్దమ్మా, నిన్న సాయంత్రం బోర్లా పడ్డాడు! ఒక్కడే! మళ్ళీ తిరగడం రాక ఒకటే ఏడుపు" అంది. పెద్దమ్మ వాడి పొట్ట మీద మునివేళ్ళతో గిలిగింతలు పెట్టి, "కుస్తీ మొదలుపెట్టావా అప్పుడే" అంది. పట్టికలో వాడి పేరు పక్కన 'బోర్లా పడుతున్నాడు, దగ్గరగా గమనించాలి' అని రాసింది కూడా. ఆ అక్షరాలు నేను చూశాను. గుండ్రంగా, శ్రద్ధగా ఉన్నాయి.

పన్నెండున్నరకు పిల్లలకు పాలు పట్టింది. పన్నెండూ యాభైకి పట్టిక ముందు కూర్చుని మూడింటి దాకా నింపేసింది. ఒంటిగంటకు యజమానురాలు తలుపు తీసి, కేంద్రం చూడటానికి ఎవరో వచ్చారని సహాయకురాలిని హాల్లోకి తీసుకుపోయింది. "పది నిమిషాల్లో పంపిస్తాను" అంది. ఒకటీ ఇరవై అయిదుకు పెద్దమ్మ మంచాలన్నీ ఒక చుట్టు చుట్టింది. వస్తాదు వెల్లకిలా పడుకుని, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతున్నాడు. ఒకటిన్నరకు అలారం లేచింది. దానికి బట్టలు మార్చేసరికి జడ్జిగారు లేచాడు. వాడికి ఆ వారం జలుబు, ముక్కు మూసుకుపోయి పాలు సరిగా తాగడు. ఒక గుక్క తాగి ఊపిరి తీసుకుని మళ్ళీ ఏడుపు. వాడిని ఒళ్ళో పెట్టుకుని, అలారం మంచాన్ని కాలితో ఊపుతూ కూర్చుంది. ఆమె వీపు వస్తాదు మంచం వైపుంది.

రెండూ అయిదుకు జడ్జిగారిని పడుకోబెట్టి లేచింది.

ఆ తర్వాతది నేను వివరించను. బిడ్డ బోర్లా ఉన్నాడు. ఆమె చేయాల్సినవన్నీ చేసింది, ఎన్నడో నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా. ఈసారి ఊపిరి రాలేదు.

గంట తర్వాత యజమానురాలికి పట్టిక గుర్తుకొచ్చింది. బిడ్డ రెండింటికి పోయాడు, పట్టికలో మూడింటి దాకా బాగానే ఉన్నాడు. రెండూ పదికి సంతకం, రెండూ ఇరవైకి సంతకం, అంబులెన్సు గేటు దాటిపోయిన సమయానికి కూడా సంతకం. ఆవిడ ఆ కాగితం తీసి బ్యాగులో పెట్టుకుని, కొత్తది ముందు పెట్టింది. "రెండింటి దాకా పెట్టు. నీ మంచికే చెబుతున్నాను. నీకూ ఒక కూతురుంది" అంది. పెద్దమ్మ పెట్టింది. ఏ కాగితం మీద ఏం పెడుతున్నదో కూడా తెలియని స్థితి అని తర్వాత విచారణలో ఆమె తరపు లాయరు వాదించబోతే ఆమే అడ్డుపడింది: "తెలుసండీ. తెలిసే పెట్టాను."

ఆ కొత్త పట్టికతో వ్యవహారం చల్లబడిపోయేదే. ఇంత పసివాళ్ళు ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే పోవడం ఉందని డాక్టరు రాశాడు. పది నిమిషాలకోసారి చూశారు, ఎవరి తప్పూ లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నేను కూడా.

పన్నెండో రోజున బిడ్డ తల్లి పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. బేకరీలో పనిచేసే పెద్దమ్మ భర్త తెల్లవారుజామునే వెళ్ళి మధ్యాహ్నానికి వస్తాడు, అప్పుడే వచ్చి పడుకున్నాడు. కూతురు బల్ల దగ్గర చదువుకుంటోంది. తల్లి చదివిన చదువే, పసిపిల్లల సర్టిఫికెట్టే, ఇంకో మూడు నెలల్లో పరీక్ష. వచ్చినామె కుర్చీలో కూర్చోలేదు. పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"మీరు చూస్తూనే ఉన్నారని చెప్పారు. అదొక్కటే నన్ను నిలబెడుతోంది పెద్దమ్మా. రెండింటికి కూడా బాగానే ఉన్నాడు కదా? ఒంటరిగా పోలేదు కదా?"

"ఊఁ" అంది పెద్దమ్మ.

ఆ 'ఊఁ' ఆమెను తినేసింది. ముద్ద దిగలేదు, కంటిమీద కునుకు లేదు. లాంఛనంగా పెట్టిన విచారణ తేదీ వచ్చేసరికి మనిషి సగమైంది. నిజం చెప్పేస్తానని ఇంట్లో అంటే భర్త లేచి బయటికి వెళ్ళిపోయాడు. కూతురు మాత్రం నిప్పులు చెరిగింది.

"చెప్తే ఆ బాబు తిరిగొస్తాడా అమ్మా? నిన్ను నిషేధిత జాబితాలో పెడతారు. ఆ జాబితాలో ఉన్నవాళ్ళతో ఒకే ఇంట్లో ఉంటే నాక్కూడా సర్టిఫికెట్ ఇవ్వరు. చట్టం అది. నేనే పుస్తకంలో చదివాను!"

"నాకు తెలుసే. నేనూ అదే పుస్తకం చదివాను."

"మరి ఆ బాబు వాళ్ళమ్మ సంగతేంటి? ఇప్పుడు కాస్త ధైర్యంగా ఉంది. నువ్వు చెప్తే ఆవిడ బతుకుతుందా?"

  నిజం చెబితే గుండె తేలికవుతుందనే కబుర్లు నేను నమ్మను. ఎవరి గుండె తేలికైతే ఎవరి గుండె బరువెక్కుతుందో చూడాలి కదా. అయినా ఆమె చెప్పింది.

విచారణ మా కార్యాలయం పై అంతస్తులో, పొడుగాటి హాల్లో జరిగింది. ముగ్గురు సభ్యులు, వాళ్ళ ముందు నీళ్ళ గ్లాసులు, పక్కన ఫ్యాను గాలికి ఎగిరే కాగితాలు. మొదటి వరసలో బిడ్డ తల్లి, తండ్రి. పెద్దమ్మ లేచి నిలబడి, ముందే నింపేవాళ్ళమని, ఈ పట్టిక తర్వాత రాసిందని, ఒకటీ ఇరవై అయిదు నుంచి రెండూ అయిదు దాకా బిడ్డను చూడలేదని చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. మధ్యలో ఒక్కసారి కూడా యజమానురాలి వైపు చూడలేదు.

బిడ్డ తల్లి సభ్యులను అడక్కుండానే లేచింది. "నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నువ్వేం చేస్తున్నావ్?"

"ఇంకో బాబుకి పాలు పడుతున్నాను తల్లీ."

 ఆ తల్లిని భర్త నడిపించుకుని బయటికి తీసుకెళ్ళాడు. మెట్ల మీది నుంచి వచ్చిన ఏడుపు హాల్లో అందరికీ వినిపించింది. అది ఏ ఏడుపో చెప్పడానికి ఎవరి అనుభవమూ అక్కర్లేదు.

తర్వాత నన్ను పిలిచారు. పెద్దసభ్యుడు కళ్ళద్దాలు సర్దుకుని అడిగాడు: "ఆ కేంద్రాన్ని మీరే పన్నెండేళ్ళుగా తనిఖీ చేస్తున్నారు. ఇలా ముందే నింపిన పట్టిక మీ కంట ఎప్పుడైనా పడిందా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. ఆమె వాంగ్మూలంలో నా ప్రస్తావనే లేదు. చెప్పు అన్నట్టూ లేదు ఆ చూపు, వద్దు అన్నట్టూ లేదు. నాకు ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళు ఉంది. నేను నీళ్ళు నమల్లేదు, తడబడలేదు. పదిహేడేళ్ళుగా నివేదికలు చదివిన గొంతుతోనే చెప్పాను.

"లేదండీ."

పెద్దమ్మ తల దించుకుంది. అంతే.

యజమానురాలి లైసెన్సు ఆరు నెలలు ఆపారు. ఆవిడ వేరే వీధిలో, వేరే బోర్డుతో, మరిది పేరు మీద మళ్ళీ తెరిచింది. పెద్దమ్మను జీవితాంతం నిషేధించారు. తప్పు ఒప్పుకున్నది ఆమె ఒక్కతే కాబట్టి తీర్పు రాయడం సభ్యులకు తేలికైంది. పరీక్షకు ముందు కూతురు ఇల్లు వదిలి, దూరంగా ఒక గది తీసుకుని వెళ్ళింది. సర్టిఫికెట్ వచ్చింది. తల్లి ఇంటికి రావడానికి మాత్రం ఆ పిల్లకు భయం, ఎవరైనా చూసి మా కార్యాలయానికి రాస్తారని. బిడ్డ తల్లి తపాలా ఉద్యోగం మానేసిందని విన్నాను. అంతకు మించి తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ ఏడు రిటైరయ్యాను. రిటైరైన నెలకు, ఇక నన్నెవరూ ఏమీ చేయలేరని తెలిశాక, నేను చూసింది చూసినట్టు విచారణ బోర్డుకు ఉత్తరం రాశాను. ఎంత ధైర్యమో చూశారా! ఫైలు మూసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, క్షమిస్తుందేమోనని ఆశ. ఇంకో మాట చెప్పి తప్పించుకోను.

ఆమె ఇప్పుడు ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. సెలవు రోజు కాబట్టి ఇంట్లోనే ఉంది. కుర్చీ తుడిచి వేసింది, నీళ్ళిచ్చింది. నేను కాగితం చూపించి, ఆ రోజు హాల్లో అబద్ధమాడానని చెప్పాను. ఆమె చదివి, మడతల ప్రకారమే మడిచి తిరిగి ఇచ్చింది.

"మీరు చూశారని నాకు తెలుసు కదా మేడమ్. చూసి పేజీ తిప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పాను, అంత కచ్చితమైన మేడమే ఏమీ అనలేదంటే ఇందులో పెద్ద తప్పేం లేదు కాబోలు అని."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"అంతకుముందు గడులు నింపేసినా భయం ఉండేది మేడమ్. అబద్ధం సంతకం పెట్టాను కదా అని మధ్యమధ్యలో లేచి లేచి చూసేదాన్ని. ఎంత పనున్నా సరే, ఒళ్ళో బిడ్డ ఉంటే ఎత్తుకునైనా వెళ్ళి చూసేదాన్ని. మీరు ఏమీ అనకుండా వెళ్ళాక ఆ భయం పోయింది."

ఆమె గొంతులో కోపం లేదు. కూర్చోమంది, టీ పెడతానంది. నేను వద్దని చెప్పి లేచి వచ్చేశాను.